బరువు పెట్టి కొలువు

కావలి ట్రంకురోడ్డు పక్కన
కాలేషా షెడ్డు.
పైన చిల్లుల రేకు,
కింద నలభై ఏళ్ల ఆయిలు తాగిన మన్ను.
అక్కడున్న పానాలన్నిటికంటే
నేనే కొత్త.

తుమ్మలపెంట నుంచి వచ్చేది కావేరమ్మ,
వీపు వెనక చేపల పెట్టె,
దాని వెనక పొద్దు.

బండి ఒకరిది, ఇంజను ఇంకొకరిది.
నెల్లూరు పాతసామాన్ల అంగట్లో
బేరమాడి కొన్న ఇంజను
ఈ చట్రంలో ఇమడక,
కార్బొరేటరు బ్యాటరీ డబ్బాకి తగులుతుందని
ఎవడో మహానుభావుడు
పట్టీలు పొడుగ్గా కోసి
రెండు వేళ్లు ముందుకి జరిపి బిగించినాడు.

రెండు వేళ్లే.
అన్నంలో అయితే ముద్ద కూడా కాదు.
ఇనుములో అది ఇంకో ఊరు.

నెలకో చైను తెంపుకొచ్చేది.
తెగిన లింకులు కొంగులోంచి
బల్ల మీద గుమ్మరించి
"ఇదిగో మేస్త్రీ, నీ పనితనం" అనేది.
కాలేషా పలకడు.
సెంటర్ స్టాండేసి, చైను కింద వేలు పెట్టి
ఎత్తి, దించి,
బొటనవేలంత వదులుంచి బిగిస్తాడు.
నెల తిరక్కముందే
అల్లూరు దారి గుంతలో
మళ్లీ పటక్.

నాలుగోసారి ఆమె కదల్లేదు.
"ఖాళీ బండిని కొలస్తా ఉండావు నువ్వు.
నేను ఖాళీగా యాడ తిరగతాండా?"

చేపలప్పటికే అమ్ముడుపోయినాయి.
పెట్టెలో మిగిలింది ఐసు నీళ్లే.
ఆమె నా వంక చూసింది.
నలభై ఐదు కిలోలు నేను.
చాలదని ఒళ్లో ఒక పాత గేరుబాక్సు.
ఆ రోజు మొట్టమొదటిసారి
షెడ్డులో బరువుగా పనికొచ్చా.

షాకులు కుంగినాయి.
కింద చైను
దండెం తీగ మాదిరి బిగుసుకుంది.
కాలేషా వేలు
దాని కిందే ఆగిపోయింది.

సుద్దముక్కతో నేల మీద మూడు చుక్కలు పెట్టినాడు.
"ఇది ఇంజను పన్నుచక్రం.
ఇది స్వింగారం బోల్టు.
ఇది వెనక ఇరుసు.
ఇరుసు ఊగేది బోల్టు చుట్టూ,
చైను పట్టుకునుండేది పన్నుచక్రాన్ని.
ఆ రెండూ పక్కపక్కనుంటే పేచీ చిన్నది.
ఎడమైన కొద్దీ
గుంత గుంతకీ చైను కొలత మారతాది.
మూడు చుక్కలూ ఒక గీత మీదికొచ్చినప్పుడే
చైనుకి గండం."
తర్వాత, ఎవరితోనో తెలీకుండా,
"నలభై ఏళ్లు" అన్నాడు.

నేను దిగబోయినా.
"దిగబాకురా" అన్నారు ఇద్దరూ.

సాయంత్రందాకా పట్టీలు కోసినాడు.
ఇంజను వెనక్కొచ్చింది,
కార్బొరేటరు ఒక పక్కకి తల తిప్పుకుంది.
"కాళ్లు తిమ్మిరెక్కతాండాయి,
చుట్టూ రబ్బరెయ్యి" అంటే
ముందు మాత్రమే వేసినాడు.
"వెనక ఇనుమే ఉండాల.
అక్కడ కూడా మెత్తనైతే
ఎక్సలేటరిచ్చినప్పుడల్లా ఇంజను చక్రం వైపు ఒరగతాది.
వణికితే వణకనీ అమ్మా.
లాగేవాడూ, లాగించుకునేవాడూ
ఒక మాట మీదుండాల."

కూలి సగం డబ్బు,
సగం మర్నాటి కానాగంతలు.
చైను ఆ ఏడు తెగలేదు.
కరకర మాత్రం పోలేదు,
ఆమె వస్తా ఉంటే
ముసునూరు మలుపు నుంచే తెలిసేది.

ఇప్పుడు సింగరాయకొండలో నాకూ ఒక రేకు షెడ్డు.
ఏ బండొచ్చినా పానా పట్టే ముందు అడగతా,
వెనక ఏం మోస్తావు, ఎవరు కూచుంటారు అని.
మొన్నొక పిల్లోడు
చాలాసేపు ఆలోచించి
"ఇప్పుడైతే ఎవరూ లేరన్నా" అన్నాడు.

అయినా
కొంచెం వదులుంచే బిగించినా.